నీలాలకు నీలిమందు

మా ఇంటి ఆడవాళ్ళకు తాతముత్తాతల నుంచి సంక్రమించిన స్థిరాస్తి ఏదీ లేదు. చరాస్తి మాత్రం ఒకటున్నది: ఉంగరాల జుట్టు. అది మా మామ్మ నుంచి నాన్నకు, నాన్న నుంచి అక్కయ్యకూ నాకూ, నా నుంచి మా అమ్మాయికీ తరుగు లేకుండా వచ్చింది. ఈ ఆస్తికి పన్ను కట్టనక్కరలేదు గాని, నిత్యం కాపలా కాయాలి. దువ్వితే పొదలా లేస్తుంది. దువ్వకపోతే చిక్కు పడుతుంది. చిన్నతనంలో ఆదివారం కుంకుడురసంతో తలంటి అమ్మ చిక్కు తీయడానికి కూర్చుంటే, మా ఏడుపులూ ఆవిడ సణుగుడూ కలిసి వీధి అరుగు దాకా వినిపించేవి. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఆ సామెత పుట్టించిన అమ్మది సాఫీ జుట్టు అయి ఉండాలి.

నెరుపు నాకు ముప్పైఅయిదో యేటనే కనిపించింది. దాన్ని నల్లరంగుతో కప్పుకుంటూ ఇరవై యేళ్ళు గడిపాను. ఇందులో విశేషమేమీ లేదు. మా వీధిలో నా యీడు స్త్రీలు చాలామంది చేస్తున్న పనే. 2019లో ఒక ఆదివారం రంగు వేసుకున్న మరునాడు కనురెప్పలు రెండూ వాచిపోయి, మాడంతా దద్దులెక్కి, చెవుల వెనుక నీరు కారసాగింది. వాపు తగ్గిన తరువాత చర్మవైద్యురాలు నా వీపు మీద వరుసగా చిన్న చిన్న బిళ్ళలు అంటించి, రెండు రోజుల అనంతరం వాటిని తీసి, ఒక బిళ్ళ కింద ఎర్రగా పొంగిన చోటును అద్దంలో చూపించింది. ఆ పదార్థం పేరు పారాఫినైలీన్ డైఅమీన్. నల్లరంగులలో అధికభాగానికి ప్రాణం అదే. పెరాక్సైడుతో కలిసి వెంట్రుక లోపలికి చేరి అక్కడ నల్లబడుతుంది. దేహం ఒకసారి దానిని శత్రువుగా గుర్తించిందంటే ఆ వైరం సాధారణంగా జీవితాంతం పోదు.

"ఇరవై యేళ్ళు పడింది కదండీ, ఇప్పుడెందుకు పడదు?" అని అడిగాను.

"అన్నేళ్ళు వాడారు కాబట్టేనమ్మా" అన్నది ఆవిడ. గోరింటాకు బొమ్మ వేసి అమ్మే నల్లపొడులను కూడా నమ్మవద్దనీ, వాటిలో చాలావాటిలో ఈ పదార్థమే ఉంటుందనీ హెచ్చరించింది. అసలైన గోరింటాకు జుట్టును నల్లబరచదు, ఎర్రబరుస్తుంది.

రంగు మానేయడం సులభమే. మానేసిన తరువాతనే కథ. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నాది నడుము దాకా ఉన్న జుట్టు. అంటే పాత నలుపు కొసల దాకా దిగిపోవడానికి అయిదేళ్ళు. ఈలోగా పాపిట దగ్గర తెలుపు, దాని కింద నలుపు. తలమీద ఎవరో సున్నంతో హద్దు గీసినట్లు. మా పిన్ని చూసి, "ఎందుకే ఈ అవస్థ? తిరుపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చి రా. పుణ్యానికి పుణ్యం, పనికి పని" అన్నది. ఆవిడ మాటలో ద్వేషమేమీ లేదు. మొక్కు మీద నాకు చిన్నచూపూ లేదు. అయినా ఆ మాట వినగానే నా చేయి తెలియకుండానే ముడి మీదికి పోయింది. దానికి కారణం మా మామ్మ.

మామ్మకు ఇరవైతొమ్మిదో యేట భర్త పోయాడు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి అర్ధశతాబ్ది దాటింది. ఆ వార్త మా అగ్రహారం పొలిమేర దాటి లోపలికి రాలేదు కాబోలు. పదోరోజున ఆవిడ తల తీయించారు. ఆ తరువాత నలభై యేళ్ళ పాటు, పక్షానికొకసారి, పెరటి గుమ్మం నుంచి మంగలి వచ్చి కత్తి పెట్టి వెళ్ళేవాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆవిడ ముసుగు కింద ఉన్న తలను తప్ప జుట్టును నేనెన్నడూ చూడలేదు. "మీ ఇద్దరివీ అమ్మ ఉంగరాలే" అని నాన్న ఒక్కసారి అన్నాడు. అన్న తరువాత లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ జుట్టు నెరిస్తే ఎలా ఉండేదో నాన్నకు కూడా తెలియదు.

భక్తితో ఇచ్చేదాన్ని భక్తితో ఇవ్వవచ్చు. సౌకర్యం కోసం మాత్రం ఈ జుట్టు మీద కత్తి పడనివ్వనని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఇక మిగిలిన దారి ఒకటే. నల్లరంగు పట్టిన భాగానికి కొంచెం కొంచెంగా రంగు దించి, పైనుంచి దిగుతున్న తెలుపుకు దగ్గరగా తీసుకురావాలి. వైద్యురాలు ఒప్పుకున్నది, షరతులతో. రంగు దించే పొడిలో ఉండే పెర్సల్ఫేటు కూడా కొందరికి పడదు గనుక ముందు మోచేతి మడతలో పరీక్షించి చూడాలి. మాడుకు తగలకుండా వేయించాలి. దించిన తరువాత మళ్ళీ పెరాక్సైడుతో కలిపే రంగు ఏదీ పూయకూడదు, ఎందుకంటే ఆ జాతి రంగులు చాలావరకు ఒకదానికొకటి చుట్టాలే.

బ్లీచింగ్ అంటే తెల్లరంగు వేయడమని అనుకునేవారున్నారు. అది వేయడం కాదు, తీయడం. వెంట్రుక పైన పెంకుల్లాంటి పొరలుంటాయి, చేప పొలుసుల మాదిరి. క్షారం ఆ పొలుసులను లేపుతుంది; పెరాక్సైడు లోపలికి చొరబడి రంగుకణాలను ఛిన్నాభిన్నం చేస్తుంది. మన నల్లజుట్టులో మెలనిన్ రెండు రకాలు. నలుపు గోధుమలను ఇచ్చేది ముందు లొంగిపోతుంది; ఎరుపు పసుపులను ఇచ్చేది మొండిగా నిలబడుతుంది. అందువల్ల నల్లజుట్టు తెల్లబడే ప్రయాణంలో ఎరుపు, నారింజ, బంగారం, పసుపు అనే మజిలీలు తప్పవు. చివరికి రంగు పూర్తిగా పోయినా, వెంట్రుకకు దేహమైన కెరటిన్ కూడా స్వచ్ఛమైన తెలుపు కాదు, లేత పసుపు. అదిగాక, ఏళ్ళ తరబడి పేరుకున్న కృత్రిమమైన నలుపు సొంత నలుపు కంటే కూడా మొండిది. నా జుట్టు ఎనిమిది నెలల్లో నాలుగు విడతలుగా ఈ మజిలీలన్నీ దాటి, ఎండిన మొక్కజొన్న పీచు రంగు దగ్గర ఆగింది.

ఆ మాటకొస్తే, తిరుమలలో సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై విదేశాలకు చేరి, అక్కడి కర్మాగారాలలో ఇదే విధంగా రంగు దిగి, బంగారు రంగు సవరాలై ఎవరో ఒక దొరసాని భుజాల మీద వేలాడుతున్నాయి. వాటికీ పసుపు తిరగడమనే వ్యాధి తప్పదు. పిన్ని సలహా పాటించినా నా జుట్టు ఈ మజిలీకే చేరి ఉండేదేమో, నేను లేకుండా.

ఆ పసుపురంగు తలతోనే ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల పంక్తిలో ఒకావిడ, "పసుపు రాసుకునేది ముఖానికి గదమ్మా, జుట్టుకా?" అన్నది. అందరితోపాటు నేనూ నవ్వాను. మాట బాగానే ఉన్నది. మరొకావిడ నన్ను పక్కకు పిలిచి, "మీ వారు రాయిలా ఉండగా నీకీ తెల్లతల ఏమిటి?" అని మెల్లగా మందలించింది. దీనికి మాత్రం నవ్వు రాలేదు. "ఆయన ఉండగానే నేను పెద్దదాన్ని కాకూడదా, పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసి, తాంబూలం చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నెరిసిన తల మగవాడికి అనుభవం, ఆడదానికి అశుభం. ఈ లెక్క ఎవరు వేశారో గాని, అద్దం ముందు కూర్చున్న ప్రతి స్త్రీ చేతా దాన్ని అప్పజెప్పిస్తున్నారు.

ఊదారంగు షాంపూ సీసాను మొదట మా అమ్మాయి డాలస్ నుంచి తెచ్చింది. మూత తీసి చేతిలో పోసుకుంటే సిరాబుడ్డి ఒలికినట్లున్నది. తెల్లబడవలసిన జుట్టుకు సిరా ఏమిటని సందేహిస్తుండగానే మామ్మ పెరటి తొట్టి జ్ఞాపకం వచ్చింది. ఆవిడవన్నీ తెల్లచీరలు. ఉతికి ఆరేసిన తెలుపు నాలుగు వారాల్లో పసుపు తిరుగుతుంది. అందుకని చివరి జాడింపు నీళ్ళలో నీలిమందు మూట ముంచి, నీళ్ళు ఆకాశం రంగుకు వచ్చేదాకా కలిపి, అందులో చీర ముంచి తీసేది. మూట ఎక్కువసేపు ఉంచితే చీర మీద నీలి మరకలు పడేవి. "కంటికి కనపడీ కనపడనట్లుండాలే" అనేది. ఆ నీలిమందు అల్ట్రామెరైన్ పొడి. 1983లో కేరళలోని త్రిచూరులో ఎం.పి. రామచంద్రన్ ప్రారంభించిన సంస్థ ఉజాలా పేరిట అదే పనికి ఊదారంగు ద్రవాన్ని ఇంటింటికీ తెచ్చింది. నీలం నుంచి ఊదాకు మారడంలో అర్థమున్నది. రంగుల చక్రంలో పసుపుకు సరిగ్గా ఎదుట కూర్చునేది ఊదా.

ఎదురెదురు రంగులు ఒకచోట చేరితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పసుపు తిరిగిన వెంట్రుక తన మీద పడిన వెలుగులో నీలి ఊదా కిరణాలను మింగి, తక్కినవి వెనక్కు పంపుతుంది. కనుకనే మనకు పసుపుగా కనిపిస్తుంది. దాని మీద పలుచని ఊదా పొర పరిస్తే, ఆ పొర పసుపు కిరణాలను మింగుతుంది. అన్నీ సమానంగా తగ్గేసరికి కంటికి మిగిలేది వెండిరంగు. నిజానికి వెంట్రుక తెల్లబడలేదు, లవలేశం నల్లబడింది. కన్ను మాత్రం దాన్ని తెలుపు అంటుంది. మామ్మ చీరలోని తెలుపు రహస్యమూ ఇదే.

ఈ ఊదాకు ఒక చిన్న వంశచరిత్ర ఉన్నది. 1856లో లండనులో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్, మలేరియాకు మందైన క్వినైనును బొగ్గుతారు నుంచి తయారు చేయబోతే, గాజుకుప్పెలో మొదట నల్లని మడ్డి, దాని నుంచి అందమైన ఊదారంగు తేలాయి. ఆ ఊదాతో మొదలై బొగ్గుతారు నుంచి వందలాది కృత్రిమ వర్ణాలు పుట్టాయి. నా కనురెప్పలు వాచేటట్లు చేసిన నల్లరంగు మూలపదార్థమూ ఆ కుటుంబంలోనిదే. అయితే షాంపూలోని ఊదా వేరు తీరుది. అది పెరాక్సైడుతో కలిసి వెంట్రుక లోపల పుట్టే రంగు కాదు, ముందే తయారై వచ్చి పైపైన అంటుకునే రంగు. కొన్ని తలంట్లలో పోతుంది. అయినా చెవి వెనుక ఒక చుక్క రాసి రెండు రోజులు చూసిన తరువాతనే నేను తలకు తాకనిచ్చాను.

అమ్మాయి తెచ్చిన సీసా నా చేతిలో సవ్యంగానే పనిచేసింది. ఒకసారి మాత్రం నేను జ్వరపడి లేచి, చేతుల్లో సత్తువ లేక, మా పేటలో కొత్తగా తెరిచిన ఒక పార్లరుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి పొడిజుట్టు మీదనే ఊదా షాంపూ దట్టంగా పట్టించి, "పదే నిమిషాలు, మేడమ్" అని చెప్పి, పెళ్ళికూతురి ముస్తాబుకు వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి అరగంట దాటింది. కడిగి చూస్తే పాపిట దగ్గర పసుపు అలాగే ఉన్నది. కొసలు మాత్రం నవనవలాడే వంకాయ రంగు. "నాలుగైదు తలంట్లకు పోతుంది, మేడమ్" అన్నది. పోయిన మాట నిజమే. ఆ మూడు వారాలూ మా వారు భోజనానికి కూర్చున్నప్పుడల్లా గుత్తివంకాయ ప్రసక్తి తేకుండా ఉండలేకపోయారు.

ఒకే తలలో ఒక చోట పట్టక, మరొక చోట అతిగా పట్టడానికి కారణం ఉంగరమే. సాఫీ వెంట్రుక అడ్డుకోత ఇంచుమించు గుండ్రం. ఉంగరాల వెంట్రుకది నొక్కిన కోడిగుడ్డు ఆకారం. మాడులోని సహజమైన నూనె సాఫీ వెంట్రుక మీద జారుడుబండ మీదిలా కొసదాకా దిగుతుంది. ఉంగరాల దారిలో మొదటి మలుపు దగ్గరే చతికిలబడుతుంది. ప్రతి మలుపులోనూ పొలుసులు కాస్త లేచి ఉంటాయి, తేమ అక్కడి నుంచి ఆవిరైపోతుంది. దానికి తోడు బ్లీచింగ్ వెంట్రుక పైనున్న సన్నని కొవ్వుపొరను ఊడదీసి, దాన్ని నీళ్ళు తాగే జాతిగా మార్చేస్తుంది. అలా దెబ్బతిన్న చోట వెంట్రుకకు రుణ విద్యుదావేశం పెరుగుతుంది. కండిషనరులోని పదార్థాలకు ఉన్నది ధనావేశం. ఊదా రంగులలోనూ కొన్నింటికి అంతే. ఎక్కడ గాయం ఎక్కువో అక్కడికే అవి పరుగెత్తుతాయి. కొసలు అన్నిటికంటే పాతవి, అన్నిటికంటే గాయపడినవి. సీసా మీది సూచనలు రాసినవారు సాఫీ జుట్టును ఎదుట పెట్టుకుని రాశారని నా అభిప్రాయం.

అందుచేత నా పద్ధతిని నేనే ఏర్పరచుకున్నాను. ఊదా షాంపూ నాకు పక్షానికొకసారి చాలు. ప్రతి తలంటుకూ వాడితే జుట్టు గడ్డి అవుతుంది, మసకబారుతుంది. రెండు చెంచాల ఊదాను, అంతకు రెట్టింపు మామూలు మెత్తని షాంపూనూ చెంబెడు నీళ్ళలో గిలకొట్టి, ముందే బాగా తడిపిన జుట్టుకు పట్టిస్తాను. పొడిజుట్టుకు ఎన్నడూ కాదు. ఎక్కడ పసుపు ఎక్కువో అక్కడ మొదలుపెట్టి, కొసలను ఆఖరి అరనిమిషానికి వదిలేస్తాను. మొత్తం మూడు నిమిషాలు. కుంకుడుకాయ మీద నాకున్న మమకారం చెప్పలేనిది గాని, రంగు దిగిన జుట్టును అది మరీ పిడచగట్టించింది. దాన్ని విడిచిపెట్టాను, కొంత దుఃఖంతోనే.

కండిషనరు సంగతి వేరు. ఉంగరాల జుట్టుకు షాంపూ కంటే అదే ముఖ్యం. ఊదా కండిషనరులో రంగు సాధారణంగా మృదువుగా, నెమ్మదిగా ఎక్కుతుంది, జుట్టునూ ఎండగట్టదు. జుట్టు బొత్తిగా అలసిపోయినట్లున్న పక్షంలో షాంపూ మానేసి దీనితోనే సరిపెడతాను. అది తలమీద ఉండగానే మొదట వేళ్ళతో, తరువాత పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో, కొసల నుంచి పైకి చిక్కు తీసుకోవాలి. అమ్మ పైనుంచి కిందికి తీసేది. మా ఏడుపులన్నీ అందుకే. కడిగిన తరువాత తువ్వాలుతో రుద్దకూడదు. మెత్తని పాత పంచెలో పిండి, ఉంగరాలను వాటి మానాన వదిలేయాలి. మా వారి పంచెలు రెండు ఈ యజ్ఞంలో లేత ఊదాకు తిరిగాయి. ఆయనకు తెలుసు, అనరు.

కొబ్బరినూనె మానలేదు. తలంటుకు ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుకలోనికి ఇంకి, దానిలోని మాంసకృత్తులు కొట్టుకుపోకుండా కాపాడుతుందనీ, పొద్దుతిరుగుడు నూనెకూ ఖనిజతైలానికీ ఆ గుణం లేదనీ 2003లో భారతీయ పరిశోధకులు ప్రచురించారు. మన అమ్మలకు ఆ పత్రం చదవవలసిన అవసరం కలగలేదు. కాని ఊదా పట్టించే రోజున నూనె ఉండకూడదు. నూనె ఉన్న చోట రంగు జారిపోయి, జుట్టు చారలు చారలుగా తయారవుతుంది. రెండింటినీ వేర్వేరు వారాల్లో పెట్టుకున్నాను. నీళ్ళు మరొక చిక్కు. మాకు హైదరాబాదులో బోరునీళ్ళే ఎక్కువ. వాటిలోని సున్నం, ఇనుము తెల్లజుట్టుకు పసుపు ఛాయ తెస్తాయి. కుళాయిలో మంజీర నీళ్ళు వచ్చే రోజే నా తలంటు. పండుగలు కూడా ఇంత ఖచ్చితంగా పాటించను.

మా అమ్మాయి అనుభవం నాకు భిన్నమైనది. ఆమె తన నల్లని ఉంగరాలలో అక్కడక్కడ పాయలకు తేనెరంగు వేయించుకున్నది. అవి రెండు నెలలకు ఇటుకరంగుకు తిరిగాయి. నా సీసాలు చూసి తానూ ఊదా వాడింది, ఫలితం శూన్యం. ఆమె జుట్టులో తేలినది నారింజ, పసుపు కాదు. నారింజకు ఎదురు రంగు నీలం. నీలి షాంపూ తెచ్చుకున్న తరువాత కుదుటపడింది. మన దేశంలో పార్లరుకు వెళ్ళి పాయలు వేయించుకునే పడుచుపిల్లలలో చాలామంది పరిస్థితి ఇదే. నల్లజుట్టు సగం దూరమే దిగి నారింజ దగ్గర ఆగుతుంది. దుకాణంలో మాత్రం ఊదా సీసానే చేతిలో పెడతారు.

2024 చివరికి నా జుట్టులో బ్లీచింగ్ తగిలిన భాగం నాలుగు వేళ్ళ వెడల్పు మిగిలితే, దానిని నేనే కత్తిరించుకున్నాను. ఇప్పుడున్నదంతా సొంత తెలుపు. ఎండకూ నీళ్ళకూ అది అప్పుడప్పుడు పసుపు తిరుగుతుంది. రెండు నెలలకొకసారి ఊదా సరిపోతున్నది. మన భాషలో నల్లని జడకు నీలవేణి అని పేరు, దేవుడికిచ్చే జుట్టుకు నీలాలని పేరు. నల్లగా ఉన్నంతకాలం మాటవరసకు ఉన్న ఆ నీలం, నెరిసిన తరువాత సీసాలో నిజంగా ఎదురుపడింది. ఉదయం దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడితే, నేనెన్నడూ చూడని ఒక జుట్టు భుజాల మీద కనిపిస్తుంది. ముఖం మామ్మదేనని అందరూ అంటూనే ఉంటారు.

పోయిన నెలలో కాకినాడ నుంచి అక్కయ్య ఫోన్ చేసింది. ఆవిడకు అరవైఆరు, ముప్పైయేళ్ళుగా నల్లరంగే. ఈ మధ్య రంగు వేసుకున్న రాత్రి చెవుల వెనుక దురద పెడుతున్నదట. వైద్యుడి దగ్గరకు వెళ్ళిందట, బిళ్ళలు అంటించారట. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, అసలు విషయానికి వచ్చింది.

"నీ వంకాయ షాంపూ ఎంతసేపు ఉంచాలే?"

"మూడు నిమిషాలు, అక్కయ్యా. గడియారం ఎదురుగా పెట్టుకో."

"అయిదు నిమిషాలుంచితే?"

"నీ కొసలు ఎలా ఉన్నాయో చూడందే చెప్పలేను. ఒకసారి ఇక్కడికి రా."

వచ్చే శుక్రవారం గౌతమిలో బయలుదేరుతున్నది. నీళ్ళు ఏ రోజు వస్తాయో కనుక్కుని ఉంచమన్నది.